రేవు సారు లెక్కపెట్టిన మంచాలు

మా అమ్మాయి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. పోయిన నెల ఒక సాయంత్రం ప్రశ్నల పుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాయనా, దీనికి చెప్పు చూద్దాం. నది ఒడ్డున ఉండే ఒక రేవు నగరానికీ, ఒక సామాజిక శాస్త్రవేత్తకూ ఒకటే పేరు. ఏంది?"

నేను వెంటనే చెప్పాను. అమ్మాయి పుస్తకం చివరి పేజీలు తిప్పి చూసుకుంది.

"తప్పు. అది యాడో విదేశాల్లో ఉండే ఊరు. నువ్వు చెప్పింది మన గోదావరి కాడిది" అని నవ్వింది.

పుస్తకంలో ఉన్నదీ ఒప్పే, నేను చెప్పిందీ ఒప్పే. కాకపోతే నా జవాబును ఇక్కడ రాయను. నేను చెప్పిన సారు ఇంటిపేరు ఆ ఊరి పేరే. ఊరు చెప్తే మనిషిని చెప్పినట్టే. పేర్లు రాయకూడదని నాకు నేర్పింది ఆయనే. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఈ ప్రశ్న సంగతి చెప్తే ఆయన నవ్వుతారనిపించి ఫోన్ చేశాను. ఆయన తమ్ముడు ఎత్తారు.

"అన్నయ్య పోయి నలభై రోజులైందండి. మీకు చెబుదామంటే ఎవరి నెంబరు ఏదో తెలియలేదండి. అన్నయ్య ఫోన్ల పుస్తకం నిండా నెంబర్లే ఉన్నాయి, ఒక్క పేరూ రాసుకోలేదు. ఆయన పద్ధతి మీకు తెలిసే ఉంటుంది."

తెలుసని చెప్పాను.

*

ఆయన నన్ను మొదట చూసింది ప్రొద్దుటూరులో నేను పనిచేసే బట్టల అంగడిలో. తువ్వాలు కొనడానికి వచ్చారు. ఆ పూట నేను నిచ్చెన మీద నిలబడి, ఏ తానులో ఎన్ని మీటర్లు మిగిలిందో విప్పకుండానే చెప్తున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. వచ్చిన లెక్క మనసులో నిలిచేది కాదు, పెదాల మీదికి వచ్చేది. ఏది లెక్కపెట్టినా పైకి అనకుండా ఉండలేను. ఆయన తువ్వాలు పక్కన పెట్టి చాలాసేపు విన్నారు.

"మీరు మనుషుల్ని కూడా ఇలా లెక్కపెట్టగలరాండి?"

"మనుషులు కదుల్తారు గదా సార్."

"అందుకనే అండి. మంచాల్ని లెక్కపెడదాం."

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నాకంటే పదహారేళ్లు పెద్దవాడు, యూనివర్సిటీలో పాఠం చెప్పే మనిషి, నన్ను "లెక్కల గారూ" అని పిలిచారు. ఎవరినైనా అట్లాగే పిలిచేవారు. గొర్రెలు తోలుకుపోయే ఆయన "గొర్రెల గారు". బస్సు కండక్టరు "కండక్టరు గారు". మొదట్లో ఎగతాళి చేస్తున్నాడేమోనని గొర్రెలాయన కర్ర తిప్పి పట్టుకున్నాడు కూడా. నెల తిరిగేసరికి అదే మనిషి, "గారు వచ్చినాడు" అని ఆయనకు ఎదురుపోయేవాడు.

ముఠా తగాదాలున్న ఊళ్లలో కుటుంబాలు ఎట్లా మారిపోతున్నాయో పుస్తకం రాయాలని వచ్చారాయన. జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ మధ్య ఒక ఊరు ఎంచుకున్నారు. నూట పన్నెండు ఇళ్లు. నాపరాళ్ల గోడలు, మట్టి మిద్దెలు, చుట్టూ నల్లరేగడి. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఒక పార్టీ. పార్టీ అంటే ఎన్నికలకు మాత్రమే వచ్చేది కాదు అక్కడ. ఏ బోరింగు కాడ నీళ్లు పట్టాలి, ఎవరి అంగట్లో బీడీలు కొనాలి, ఎవరి పీనుగ వెంట నడవాలి, అన్నీ పార్టీయే.

ఆ ఊళ్లో కొత్త మనిషి ఎవరి ఇంట్లో మొదట మంచినీళ్లు తాగుతాడో ఆ పార్టీవాడయిపోతాడు. ఇది ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక మరచెంబు వెంట తెచ్చుకునేవారు. జమ్మలమడుగులో దిగగానే పెన్నలోకి నడిచి, ఇసుకలో ఎవరో తీసిన చెలమ దగ్గర కూర్చుని, నీళ్లు తేటపడేదాకా ఆగి ఆ చెంబు నింపుకునేవారు. ఆ ఊళ్లో ఉన్నంతసేపూ ఆ నీళ్లే. పెన్న ఏ వీధిదీ కాదు కదా అనేవారు.

నింపుకున్నాక కూడా కాసేపు ఇసుకను చూస్తూ నిలబడేవారు. వాళ్ల ఊళ్లో నది ఈ గట్టు నుంచి ఆ గట్టు కనపడనంత ఉంటుందట. లాంచీలు కూత వేస్తుంటే నిద్ర లేచేవారట. ఒకరోజు బస్సులో కండక్టరు అడిగాడు.

"ఏ ఊరు సారూ మీది?"

ఆయన చెప్పారు. "ఊరూ అదేనండి, ఇంటిపేరూ అదేనండి. రేవు పట్నం."

"రేవంటే ఏంది?"

"పడవలు వచ్చి ఆగే చోటండి."

"అట్లనా. మా పెన్నలో లారీలు ఆగుతాయి లే సారూ" అన్నాడు కండక్టరు, ఇసుక లారీల వరసను చూపించి. బస్సంతా నవ్వింది. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన రేవు సారు.

*

ఆయన పద్ధతి ఇది. ఏ ఇంట్లోనూ ఎవరు చనిపోయారు, ఎవరు జైల్లో ఉన్నారు, ఎవరు ఊరు విడిచిపోయారు అని అడిగేవారు కాదు. "అమ్మా, ఇంట్లో మంచాలు ఎన్నండి?" అని అడిగేవారు. తర్వాత, "వాల్చినవి ఎన్నండి?"

మా వైపు మనిషి పోయినా, ఇక రాడని తేలినా వాడి నులకమంచాన్ని గోడకు నిలబెడతారు. తిరిగి వస్తాడని ఆశ ఉంటే వాల్చే ఉంచుతారు. మంచాల గురించి అడిగితే ఎవరికీ కోపం రాదు. ముసలమ్మలు వేలు పెట్టి చూపించేవాళ్లు. "ఇది పెద్దోనిది, నిలబెట్టినాం. ఇది నడిపోనిది, కడప జైల్లో ఉండాడు, వాల్చే ఉండాది." నేను గడప దగ్గర కూర్చుని రెండు అంకెలు రాసుకునేవాణ్ణి. మొత్తం మంచాలు, వాల్చినవి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆ ఇంటి కథ వచ్చేది. అన్ని ఇళ్లదీ కూడితే ఊరి కథ. ఆ మొత్తం నాకు ఇప్పటికీ నోటికి ఉంది.

కాగితాల మీద పేర్లు ఉండేవి కావు. ఇంటికొక నెంబరు. నెంబర్లు వెయ్యడం నా పని. దానికి ఆయన ఒక ఖాళీ పాలపొడి డబ్బా ఇచ్చారు. అందులో ఒకటి నుంచి నూట పన్నెండు దాకా చీటీలు.

"ప్రతి ఇంటికీ కళ్లు మూసుకుని ఒక చీటీ తియ్యండి. ఏది వస్తే అదే ఆ ఇంటి నెంబరు. వరుస కలిసిపోవాలండి. ఏ ఇల్లు ఏదో మనకు కూడా గుర్తుండకూడదు."

ఒక మధ్యాహ్నం కిందివీధి చివరింటి ఆమె ఆయనతో మాట్లాడింది. అది మేము ఆ ఇంటికి పోవడం మూడోసారి. అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. మంచాలు మూడు, వాల్చినవి రెండు. నిలబెట్టింది భర్తది. రెండేళ్ల కింద చేను కాడ చంపారు. పైవీధివాళ్లే చంపారని ఊరంతా అనేది. కిందివీధి నాయకుడు ఆ చావును చెప్పే ఓట్లు అడుగుతున్నాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయి.

ఆమె తలుపు దగ్గరికి వచ్చి వీధిలోకి ఒకసారి చూసి వెనక్కి పోయింది.

"నా మొగున్ని పైఈదోల్లు సంపల్యా సారూ. మావోల్లే. ఈ పార్టీ ఇడిసి ఆ పార్టీలోకి పోతానన్న్యాడు. పోనియ్యల్యా."

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు.

"నా కొడుకు పులివెందుల్లో కట్టెలు కోసే మిషన్లో పని చేస్తాండాడు. నెలకోసారి వస్తాడు. వానికి ఇది తెల్దు. తెలిస్తే ఊరుకోడు. వాడు ఊరుకోడని వీళ్లకి తెలుసు. వీళ్లకి నేను నోరిప్పినానని తెలిస్తే ముందు వాని కాడికే పోతారు. నాకు ఉండేది వాడొక్కడే. నా పేరు యాడా రాయాకండి."

"నా దగ్గర ఎవరికీ పేరు ఉండదండి" అన్నారాయన. "మీరు ఒక నెంబరు. ఆ నెంబరు ఎవరిదో నాకూ తెలియదు."

ఆయన నిజమే చెప్పాననుకున్నారు. నాకు తెలుసు అది నిజం కాదని. గడప దగ్గర నా చేతిలో ఉన్న కాగితం మీద ముప్పై ఏడు అని ఉంది. ఆ డబ్బా నేను మూత కూడా తియ్యలేదు. చీటీ తీసి నెంబరు వేస్తే వరుస చెదిరిపోతుంది, వీధులవారీగా కూడేటప్పుడు తప్పు వస్తుంది అనుకున్నాను. బస్సు ఆగే మైలురాయి దగ్గర మొదలుపెట్టి, ఒక పక్కగా కిందివీధి చివరిదాకా, అక్కడి నుంచి తిరిగి పైవీధి, వరుసగా వేసుకుంటూ పోయాను. ఒకటి తర్వాత రెండు. అంత చక్కటి వరుస నేను మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు.

చెప్పి ఉండాల్సింది ఆ రోజే. తిరుగు బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. రేపు చెప్తాను అనుకున్నాను. రేపు ఇంకో ఇరవై ఇళ్లు ఉన్నాయి.

*

ప్రొద్దుటూరులో ఒక హాల్లో పెద్దవాళ్లు కొందరు కూడి ఆయన్ను మాట్లాడమన్నారు. టైపు చేసిన పన్నెండు పేజీలు చదివారు. వాటి నిండా నేను వేసిన పట్టికలే. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరుసలో కూర్చున్నాను. ఊరి పేరు ఎక్కడా లేదు. ఏ ఊరో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు.

తొమ్మిదో పేజీలో ఆ వాక్యం వచ్చింది. ఎదుటి పార్టీ మీద వేసే హత్యలు అన్నీ ఎదుటి పార్టీ చేసినవి కావు; ముప్పై ఏడో ఇంట్లో, పార్టీ మారబోయిన మనిషిని సొంతవాళ్లే చంపారని ఆ ఇంటివాళ్లే చెప్పారు. నూట పన్నెండు ఇళ్లలో కలిసిపోయిన ఒక అంకె అని నమ్మి చదివారాయన. నేను వెనక్కి తిరిగి చూశాను. కిందివీధి నాయకుడి వెంట ఉండే తెల్లచొక్కాల వాళ్లు ఇద్దరు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒకడు అరచేతిలో ఏదో రాసుకుంటున్నాడు. ఒక్క అంకె రాసుకోవడానికి ఎంత చోటు కావాలి.

అప్పుడైనా లేచి ఆయన చెవిలో చెప్పాల్సింది. చప్పట్లు కొట్టాను.

మూడోరోజు కండక్టరే చెప్పాడు. ఈసారి నవ్వు లేదు.

"మీ సారు కాయితం సదివినాడంట గదప్పా. నిన్న నా బస్సు దిగి ఇద్దురు, ఆ మైలురాయి కాడ నుంచి లెక్కబెట్టుకుంటా పోయినారు. ముప్పై ఏడు కాడ నిలబడినారు. ఆమెను ఏమీ అనల్యా. సూసి ఎనిక్కి వచ్చేసినారు. అట్నుంచి వాళ్ల జీపు పులివెందులకి పోయింది."

రేవు సారుకు ఆ మాట నేనే మోసుకుపోయాను. మైలురాయి అన్న మాట వినగానే ఆయన నా ముఖంలోకి చూశారు.  చెంబు తీసుకోకుండా లేచారు. ఇద్దరం పులివెందుల పోయాం.

కట్టెల మిషన్ దగ్గర పొట్టు గాలికి లేస్తోంది. జీపు వచ్చేటప్పటికి ఆ పిల్లవాడు వెనక గోడ దూకి పరుగెత్తాడని అక్కడివాళ్లు చెప్పారు. జీపు వెంటబడింది. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. వాడి చెప్పులు రెండూ మిషన్ పక్కనే, ఇప్పుడే విడిచినట్టు ఉన్నాయి. మూడు రోజులు తిరిగాం. బస్టాండు, ఆసుపత్రి, తెలిసినవాళ్ల ఇళ్లు, ఊరి బయట గుట్టల కింద పల్లెలు. పోలీసుల దగ్గరికీ పోయాం. ఆయన ప్రతి ఒక్కరినీ "గారూ" అని పిలిచి అడుగుతూనే ఉన్నారు. వాడు బతికి ఎటో పోయాడా, దొరికిపోయాడా, ఈ రోజుకూ తెలియదు. ఆ చెప్పులు ఆయన తన సంచిలో పెట్టుకున్నారు.

నాలుగోరోజు ఆ ఇంటికి పోయాం. వీధిలో ఎవరూ పలకరించలేదు. ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆయన చెప్పులు తీసి ఆమె ముందు పెట్టారు. ఆమె వాటిని దగ్గరికి జరుపుకుంది. తర్వాత అడిగింది.

"పేరు రాయనంటివి గదా సారూ. నెంబరు ఎవురిదో ఎవురికీ తెల్దంటివి గదా. మరి నెంబర్లు వరసన ఏసిందెవురు?"

నేను నోరు తెరిచాను. ఆయన నా మోచేయి పట్టుకున్నారు.

"నేనే అండి. నేనే వేశాను. అలా వెయ్యకూడదని నాకు తట్టలేదు."

ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది. లేచి లోపలికి పోయి లోటాతో నీళ్లు తెచ్చింది.

"తాగు సారూ. మొగం సూడు ఎట్లుండాదో. నీ చెంబు కూడా తెచ్చుకోల్యా. తాగు, ఏం గాదు. ఇంక నాది ఏ ఈదీ కాదు. వీళ్లు పలకరు, వాళ్లు రానీరు."

ఆయన ఆ ఊళ్లో మొదటిసారి, చివరిసారి నీళ్లు తాగారు. రెండు చేతులతో పట్టుకుని తాగారు. లోటా అంచు ఆయన పళ్లకు తగిలి చప్పుడవుతూనే ఉంది. నాకు కూడా ఇవ్వబోయింది. నేను వద్దన్నాను.

మేము లేచేటప్పుడు ఆమె అన్నది, "రాసుకోండి సారూ. మంచాలు మూడు. వాల్చినవి ఇప్పుడూ రెండే. వాడు వస్తాడు."

బస్సులో ముద్దనూరు దాటాక ఆయన అడిగారు.

"చీటీలు తియ్యలేదు కదూ?"

"లేదు సార్."

"ఎందుకండీ?"

"వరసగా ఉంటే కూడికలో తప్పు రాదని."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"కూడిక సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది సార్."

"డబ్బా ఉందా?"

"ఉంది."

"ఉంచండి" అన్నారు.

*

ఆయన ఆ పుస్తకం రాయలేదు. తన ఊరికి బదిలీ చేయించుకుని పోయారు. ఏటా వానలు తగ్గాక ఒక కార్డు వచ్చేది. రెండే వాక్యాలు. "పెన్నకు నీళ్లు వచ్చాయా? ముప్పై ఏడు ఎలా ఉన్నారు?" ఆ రెండో ప్రశ్నకు జవాబు రాయాలంటే నేను అక్కడికి పోవాలి. బహుశా అందుకే అడిగేవారు. కార్డులు పోయి ఫోన్లు వచ్చాక కూడా అవే రెండు ప్రశ్నలు. ఏటా పోయేవాణ్ణి. ఆమెకు చీర, మందులు ఇచ్చి, కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. ఆమె నీళ్లు ఇచ్చేది. బస్సులో తాగి వచ్చానని చెప్పేవాణ్ణి.

ఒకసారి ఫోన్లో అన్నాను, "సార్, ఆమెకు నిజం చెప్పేస్తాను. మీరు నన్నెందుకు ఆపినారు ఆ రోజు?"

"మీరు ఆ జిల్లాలో బతకాలి కదండీ. నేను రేవు మనిషిని, ఎక్కడైనా దిగుతాను" అన్నారు. మళ్లీ ఆయనే, "చెప్పాలనిపిస్తే చెప్పండి. నా కోసం మాత్రం ఆగకండి" అన్నారు. నేను ఆయన కోసమే ఆగుతున్నానని చెప్పుకుంటూ వచ్చాను.

ఆయన తమ్ముడితో మాట్లాడిన మరుసటి రోజు పోయాను. ఈ ఏడు పెన్నకు నీళ్లొచ్చాయి. జమ్మలమడుగు దగ్గర ఇసుక కనపడలేదు. ఊళ్లో రెండు వీధుల నాయకులూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు. మైలురాయికి కొత్త రంగు వేశారు.

ఆమెకు డెబ్బై దాటాయి. చూపు తగ్గింది. సారు పోయారని చెప్పాను. కొంగు తీసి కళ్లకు పెట్టుకుంది.

"ఆయప్పకి పిల్లోల్లు ఉన్న్యారా?"

"లేరు అత్తా. పెండ్లి చేసుకోలేదు."

"మంచం నిలబెట్టేకి ఎవురన్నా ఉన్న్యారా మరి?"

"తమ్ముడున్నాడు."

ఇంక ఆగడానికి ఏమీ లేదు. "అత్తా, ఆ నెంబర్లు వేసింది సారు కాదు" అన్నాను. "నేను."

ఆమె కొంగు దించలేదు.

"తెలుసు నాయనా. నేను గుడ్డిదాన్నా అప్పుడు? ఆ రాయి కాడ నుంచి వేలు ఆడిచ్చుకుంటా వచ్చింది నువ్వే గదా. నా వాకిట్లో నిలబడి ముప్పై ఏడు అని గట్టిగా అంటివి. వాకిలి ఊడుస్తాంటి నేను. సారు అప్పటికింకా రానే ల్యా."

"మరి ఆ రోజు ఎవరని అడిగితివి గదా?"

"నిన్నే అడిగినా."

 ఆమె గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ లోపలికి పోయింది. కుండ మీద మూత తీసిన చప్పుడు వినిపించింది. నేను గడప దగ్గర నుంచి లోపలికి చూశాను. మంచాలు మూడు. వాల్చినవి రెండు. ఒకదాని నులక కొత్తగా బిగించి ఉంది.